ఊరిని ప్రశ్నించిన పిల్లలు

2022 సెప్టెంబరులో ఒక సాయంత్రం, పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి బడి నుంచి వస్తూనే పుస్తకాల సంచీ సోఫా మీద పడేసి, "నాన్నా, ఫ్యాక్టరీ వెనక ఖాళీస్థలం ఉంది చూడు, అక్కడ ఇదివరకు ఎవరుండేవారో నీకు తెలుసా?" అని అడిగింది. జర్మనీకి వచ్చిన నాటి నుంచి ఆ స్థలం పక్కగానే ఆఫీసుకు వెళుతున్నాను. గడ్డి, రెండు మూడు చెట్లు, వేసవిలో కుక్కల్ని తిప్పుకునేవాళ్లు. అంతకు మించి నాకేమీ తెలియదు. ఆ మాటే చెప్పాను. "మా టీచరుకీ తెలీదట. మేమే కనుక్కోవాలి" అంది.

ఆ ఏడాది పోటీ విషయం 'నివాసానికీ చరిత్ర ఉంది'. జర్మనీలో రెండేళ్లకోసారి రాష్ట్రపతి పేరు మీద బడిపిల్లలకు ఒక చరిత్ర పోటీ జరుగుతుంది. సెప్టెంబరు 1న విషయం ప్రకటిస్తారు, ఫిబ్రవరి నెలాఖరుకు పని అందజేయాలి. 21 ఏళ్లలోపు ఎవరైనా ఒంటరిగానో, జట్టుగానో పాల్గొనవచ్చు. నియమం ఒకటే ముఖ్యం: తమ ఊరి చరిత్రో, తమ కుటుంబ చరిత్రో అయి ఉండాలి, దాన్ని పిల్లలే స్వయంగా వెతికి రాయాలి. ఎలా వెతికారో, ఎక్కడ తలుపులు మూసుకున్నాయో కూడా రాసి జతపరచాలి. మన సభల్లోనూ పిల్లలకు వక్తృత్వపు పోటీలు పెడతాం కదా! అక్కడ విషయం చెప్పగానే జవాబు అందరికీ తెలిసిపోతుంది. పిల్ల దాన్ని ఎంత స్పష్టంగా అప్పజెప్పిందన్నదే చూస్తాం. ఇక్కడ జవాబు ప్రశ్న వేసినవాళ్లకి కూడా తెలియదు. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ, ఆ దేశంలో అది పెద్ద గొడవలే తెచ్చిపెట్టింది. ఆ కథ చెప్పడానికే ఈ వ్యాసం.

పోటీని 1973లో మొదలుపెట్టినవారు ఇద్దరు. ఒకరు అప్పటి పశ్చిమ జర్మనీ రాష్ట్రపతి గుస్తావ్ హైనమన్. వృత్తిరీత్యా న్యాయవాది. యుద్ధం ముగిసిన ఐదేళ్లకే దేశాన్ని మళ్లీ సాయుధం చేయడానికి చాన్సలర్ అడెనవర్ సిద్ధపడితే, అది నచ్చక 1950లో హోంమంత్రి పదవిని వదులుకున్న మనిషి. ఆయన తల్లి తరఫు ముత్తాత ఒకరు 1848 విప్లవంలో పాల్గొన్నవాడు. జర్మన్ పాఠ్యపుస్తకాల నిండా రాజులూ, సేనాధిపతులూ ఉన్నారు గానీ, స్వేచ్ఛ కోసం తిరగబడి ఓడిపోయిన రైతులకూ పనివాళ్లకూ చోటు లేదని ఆయన బాధ. రెండోవారు హాంబర్గ్ పారిశ్రామికవేత్త కుర్ట్ కోర్బర్, సిగరెట్లు తయారుచేసే యంత్రాలమ్మి కోట్లు గడించినవాడు. ఒక సంగతి దాచకూడదు. యుద్ధకాలంలో ఈ కోర్బర్ డ్రెస్డెన్‌లో ఒక యంత్రాల కర్మాగారంలో సాంకేతిక బాధ్యతలు చూసేవాడు. ఆ కర్మాగారంలో బలవంతపు కూలీలు పనిచేశారు. తాను డబ్బు పెట్టిన పోటీలోని పిల్లలు ఒకనాడు తన తరం గడప దగ్గరికే వస్తారని ఆయన అనుకున్నాడో లేదో!

మొదటి మూడు విడతలు సజావుగా నడిచాయి. 1848, 1918, 1945 – ఈ మూడు మలుపుల గురించి రాయమన్నారు, పిల్లలు రాశారు. తరువాత పనీ పాటూ, ఇల్లూ వాకిలీ వంటి నిత్యజీవిత విషయాలు ఇచ్చారు. ఇంతలో 1979 జనవరిలో 'హోలోకాస్ట్' అనే అమెరికన్ టీవీ సీరియల్ పశ్చిమ జర్మనీలో ప్రసారమయింది. దాదాపు రెండు కోట్లమంది చూశారంటారు. యూదుల సంహారం గురించి బడిలో ఒక పేరాగా చదువుకున్న పిల్లలకు అది మొదటిసారి ఒక కుటుంబం కథగా కనిపించింది. భోజనాల బల్ల దగ్గర "తాతయ్యా, నువ్వప్పుడు ఎక్కడున్నావు?" అనే ప్రశ్న పుట్టింది. ఆ మరుసటి ఏడాదే, 1980లో, రాష్ట్రపతి పోటీకి ఇచ్చిన విషయం 'నాజీ పాలనలో నిత్యజీవితం'.

దాదాపు 13,000 మంది పిల్లలు పాల్గొన్నారు. బెర్లిన్‌లో హిట్లర్ ఏం చేశాడని కాదు వాళ్లనడిగింది. మీ వీధిలో ఏం జరిగిందని. పిల్లలు టేపురికార్డర్లు పట్టుకొని వృద్ధుల ఇళ్లకు వెళ్లారు, పాత పత్రికల కట్టలు విప్పారు, పురపాలక దస్తావేజులు చూపించమన్నారు. వృద్ధులు కొందరు మనసు విప్పి ఏడ్చారు. చాలామంది "మాకేం తెలియదమ్మా" అన్నారు. దస్తావేజుల గదుల్లో వ్యక్తుల గోప్యత అనే కారణం చెప్పి కొన్ని అరలు తెరవలేదు.

వీళ్లలో పస్సావు పట్టణపు అమ్మాయి కథ ప్రపంచానికి తెలిసింది. పస్సావు బవేరియా అంచున ఉంటుంది. డాన్యూబ్, ఇన్, ఇల్స్ నదులు కలిసే చోటు, మన లెక్కలో త్రివేణీసంగమం. పెద్ద చర్చీ, భక్తి గల కాథలిక్ జనం. హిట్లర్ చిన్నతనంలో 1892 నుంచి 1894 దాకా ఆ ఊళ్లో ఉన్నాడు. అయినా మా ఊరు నాజీలకు లోబడలేదు, మా పెద్దలు లోలోపల ఎదిరించారు అన్నది ఊరి నమ్మకం. 1960లో పుట్టిన అన్నా రోస్ముస్ ఉపాధ్యాయుల కుటుంబంలో పెరిగింది, చదువులో మెరిక. అప్పటికే ఒక వ్యాసపోటీలో గెలిచి ఊరికి పేరు తెచ్చింది. ఈసారి ఎదిరించిన ఆ పెద్దల గురించి గర్వంగా రాద్దామనే మొదలుపెట్టింది. ఈ మాట గమనించండి. ఆ పిల్ల ఊరిని బజారుకీడ్చడానికి బయల్దేరలేదు. మెచ్చుకోవడానికి బయల్దేరింది.

వెతికేకొద్దీ లెక్క తప్పుతూ వచ్చింది. ప్రతిఘటన వీరులని పేరున్న కొందరు పెద్దమనుషుల పాత రాతల్లో నాజీల పట్ల భక్తి కనబడింది. యూదుల దుకాణాలు ఎవరి చేతికి వెళ్లాయో కాగితాల మీద ఉంది. ఊరి పరిసరాల్లో మౌట్‌హౌజెన్ నిర్బంధ శిబిరానికి చెందిన ఉపశిబిరాలు ఉండేవని తెలిసింది. నగర దస్తావేజులు చూపించమంటే చూపించలేదు. ఆమె న్యాయస్థానానికి వెళ్లింది. ఇరవై ఏళ్లు దాటిన ఒక ఆడపిల్ల సొంత నగరపాలక సంస్థ మీదే దావా వేయడమంటే ఏమిటో మన ఊళ్లలో పెరిగినవాళ్లకి వేరే చెప్పాలా? వీధిలో పలకరింపులు ఆగిపోయాయి, ఫోనులో బెదిరింపులు మొదలయ్యాయి. చివరికి దస్తావేజులు తెరుచుకున్నాయి. 1983లో పుస్తకం వచ్చింది: 1933 నుంచి 1939 వరకు పస్సావులో ఎవరు ఎదిరించారు, ఎవరు హింసకు గురయ్యారు అనేది దాని విషయం. ఎదిరించినవాళ్లు లేకపోలేదు. కాకపోతే ఊరు బొమ్మ కట్టుకున్నవాళ్లు వాళ్లు కారు.

1990లో మిఖాయేల్ వెర్హోవెన్ ఆమె కథ ఆధారంగా 'భయంకరమైన అమ్మాయి' అనే అర్థం వచ్చే పేరుతో సినిమా తీశాడు. బెర్లిన్ చిత్రోత్సవంలో ఉత్తమ దర్శకుడి బహుమతి వచ్చింది, ఆస్కార్ పరిశీలనకూ వెళ్లింది. 1993లో రోస్ముస్ మరో పుస్తకం రాసింది. యుద్ధకాలంలో తూర్పు దేశాల నుంచి తెచ్చిన కూలీ స్త్రీల పసిబిడ్డలు పస్సావు ప్రాంతంలో ఎలా చనిపోయారో అందులో ఉంది. ఆ మరుసటి ఏడాది ఆమె అమెరికా వెళ్లిపోయింది. సొంత ఊరిని ప్రేమించినవాళ్లే ఊరు విడవాల్సి రావడం ఆ కథలో నన్ను ఎప్పుడూ బాధపెట్టే భాగం.

రోస్ముస్ ఒక్కర్తినే చెప్పుకుంటే తక్కిన 13,000 మందికి అన్యాయం చేసినట్టే. సినిమా రాలేదు గానీ, వాళ్లు చేసిన పనీ చిన్నది కాదు. యుద్ధకాలంలో జర్మనీలో పనిచేసిన విదేశీ బలవంతపు కూలీలు, ఖైదీలతో కలిపి, ఒక కోటి ముప్ఫై లక్షల పైచిలుకు. పోలండు వాళ్ల బట్టలకు 'పి' అక్షరం, సోవియట్ ప్రాంతాల వాళ్లకు 'ఓస్ట్' అనే గుడ్డముక్క కుట్టేవారు. వీళ్లు లేని పొలం, ఫ్యాక్టరీ, చివరికి రొట్టెల దుకాణం కూడా అరుదు. అయినా విశ్వవిద్యాలయాల చరిత్రకారులు చాలాకాలం వాళ్లని పట్టించుకోలేదు. ఊళ్లలో వాళ్ల గుడిసెలు ఎక్కడుండేవో మొదట వెతికినవాళ్లలో ఈ బడిపిల్లలు ఉన్నారు. ఎన్నో ఏళ్ల తరువాత, 2000లో, జర్మనీ ప్రభుత్వమూ పరిశ్రమలూ కలిసి ఆ కూలీలకు పరిహారం ఇవ్వడానికి ఒక సంస్థను ఏర్పాటు చేశాయి. 2007 నాటికి 16 లక్షల 60 వేల మందికి సుమారు 440 కోట్ల యూరోలు అందాయి. అప్పటికే ఎంతోమంది పోయారు. పరిహారం పిల్లల వల్లే వచ్చిందని నేననను. అమెరికా న్యాయస్థానాల్లో వేసిన దావాలు అసలు కారణం. కానీ మా ఊళ్లో అలాంటివాళ్లే లేరనే మాట అప్పటికి చెల్లకుండా చేసినవాళ్లలో పిల్లలున్నారు.

1984లో అన్నా రోస్ముస్ పుస్తకానికి మ్యూనిక్‌లో ఇచ్చే షోల్ అన్నాచెల్లెళ్ల పురస్కారం వచ్చింది. హాన్స్, సోఫీ షోల్‌ల పేర్లు మీలో చాలామంది విని ఉంటారు. హిట్లర్‌కు వ్యతిరేకంగా కరపత్రాలు పంచినందుకు 1943 ఫిబ్రవరి 22న శిరచ్ఛేదానికి గురైన మ్యూనిక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు. వాళ్ల సొంత ఊరు ఉల్మ్‌లో హైస్కూలు చివరి తరగతి కుర్రాళ్లు కూడా ఆ పనిలో ఉన్నారన్నది అంతగా ప్రచారంలో లేదు. 1943 జనవరి ఆఖరి వారంలో సోఫీ తెచ్చిచ్చిన కరపత్రాలను హాన్స్ హిర్జెల్, ఫ్రాంజ్ ముల్లర్ అనే ఇద్దరు విద్యార్థులు కవర్లలో పెట్టి చిరునామాలు రాశారు. ఎక్కడ కూర్చొని? హిర్జెల్ తండ్రి పాస్టరుగా ఉన్న మార్టిన్ లూథర్ చర్చిలో, ఆర్గన్ వెనక ఉన్న ఇరుకు చోట. స్టుట్‌గార్ట్‌లో సంగీతం చదువుతున్న హిర్జెల్ అక్క సుజానె సాయంతో అక్కడి తపాలా పెట్టెల్లో వాటిని వేశారు. ఏప్రిల్ 19న తీర్పు వచ్చింది. కుర్రాళ్లిద్దరికీ ఐదేసి ఏళ్ల జైలు. తెలిసి కూడా ఫిర్యాదు చేయనందుకు వాళ్ల సహాధ్యాయి హైన్రిష్ గూటర్‌కు 18 నెలలు. ముల్లర్ 2015 దాకా బతికి, 1987లో వైట్ రోజ్ ఫౌండేషన్‌ను నిలబెట్టినవారిలో ఒకడయ్యాడు. తరువాతి తరాల బడిపిల్లలకు ఆ రోజుల గురించి చెబుతూ వచ్చాడు.

ఇప్పటి పిల్లలకు అంత ప్రమాదం లేదు, ఉండకూడదు కూడా. జర్మనీ వీధుల్లో నడుస్తుంటే కాలిబాటలో అరచేయంత ఇత్తడి పలక పొదిగిన రాళ్లు కనిపిస్తాయి. 1990లలో గుంటర్ డెమ్నిగ్ అనే కళాకారుడు మొదలుపెట్టిన పని. నాజీల చేతిలో చనిపోయినవారు, తరిమివేయబడినవారు చివరగా తమ ఇష్టంతో నివసించిన ఇంటి ముందు పేరు, పుట్టిన సంవత్సరం, ఏమయ్యారో చెక్కి పాతుతారు. 2023 మేలో న్యూరెంబర్గ్‌లో పాతినది లక్షో రాయి. వీటిలో చాలా రాళ్ల వెనక ఏదో ఒక బడి తరగతి ఉంటుంది. పేరు వెతికిందీ, చందా పోగుచేసిందీ, పాతే రోజున పువ్వులు పెట్టిందీ పిల్లలే. బెర్లిన్ షోనెబెర్గ్‌లో ఒకప్పుడు యూదుల ప్రార్థనామందిరం ఉన్న చోట ఇప్పుడొక బడి ఉంది. అక్కడి ఆరో తరగతి పిల్లలు 1994 నుంచి ఏటా ఒక్కొక్కరు ఒక్కో ఇటుక మీద ఆ పేట నుంచి తీసుకుపోబడిన ఒకరి పేరు రాస్తున్నారు. తన పుట్టినరోజు నాడే పుట్టిన మనిషినో, తన వీధిలో ఉన్న మనిషినో ఎంచుకుంటారు. ఆ ఇటుకల గోడ బడి ఆవరణలో పెరుగుతూనే ఉంది.

ఇదంతా పోయినవాళ్ల గురించే కదా, బతికున్నవాళ్ల సంగతేమిటని మీరు అడగవచ్చు. మనకు దగ్గరగా వచ్చేది ఇక్కడే. తూర్పు పశ్చిమ జర్మనీలు కలిశాక 1991లో హోయెర్స్‌వెర్డాలో, 1992లో రోస్టాక్‌లో, మోల్న్‌లో, 1993 మే నెలలో సోలింగెన్‌లో విదేశీయుల నివాసాల మీద దాడులు జరిగాయి. సోలింగెన్‌లో ఒక టర్కిష్ కుటుంబపు ఐదుగురు ఆడవాళ్లూ ఆడపిల్లలూ మంటల్లో చనిపోయారు. ఆ నేపథ్యంలో 1995లో బెల్జియం నుంచి ఒక పద్ధతి వచ్చింది. ఒక బడిలో పిల్లలు, ఉపాధ్యాయులు, ఆఫీసువాళ్లు, ఊడ్చేవాళ్లు అందరిలో కనీసం 70 శాతం మంది, ఇక్కడ వివక్ష చూస్తే ఊరుకోమని సంతకం పెడితే ఆ బడికి 'జాతివివక్ష లేని బడి' అనే పేరు వస్తుంది. సంతకాలు పోగుచేయాల్సింది పిల్లలే. ఇప్పుడు అలాంటివి 4,000 పైగా ఉన్నాయి. పలక తగిలించగానే వివక్ష పోదు. మా అమ్మాయి బడి గుమ్మం పక్కన కూడా ఆ పలక ఉంది, దాని కిందనే ఒకసారి ఒక కుర్రాడు తనని వెక్కిరించాడట. అయితే ఆ వెక్కిరింతకి మరునాడు తరగతిలో పంచాయితీ జరిగింది. మా చిన్నప్పుడు జరిగేది కాదు.

మన వాళ్లు పెద్ద సంఖ్యలో ఇక్కడికి రావడం 2000లో కంప్యూటర్ నిపుణుల కోసం గ్రీన్ కార్డ్ పెట్టాకే. ఆ ఏడాదే నార్త్ రైన్ వెస్ట్‌ఫాలియా ఎన్నికల ప్రచారంలో యుర్గెన్ ర్యుట్‌గెర్స్ అనే నాయకుడి మాట ఒకటి నినాదమై కూర్చుంది: భారతీయుల బదులు పిల్లలు. బయటినుంచి మనుషుల్ని తెచ్చే బదులు మన పిల్లలకే కంప్యూటర్లు నేర్పుదామని దాని భావం. జర్మన్ భాషలో ఆ రెండు మాటలకూ ప్రాస చక్కగా కుదిరింది, పాపం. ఆయన ఆ ఎన్నికల్లో ఓడిపోయాడు. 2007 ఆగస్టులో సాక్సనీలోని మ్యూగెల్న్ అనే చిన్న ఊళ్లో తిరనాళ్ల రాత్రి ఎనిమిదిమంది భారతీయులను గుంపు తరిమి కొట్టింది. ఆ వారం మా తెలుగువాళ్ల ఇళ్లలో ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. అప్పుడు వేలు పట్టుకు నడిచిన పిల్లలూ, ఆ తరువాత పుట్టినవాళ్లూ ఇప్పుడు ఇక్కడి హైస్కూళ్లలో, కళాశాలల్లో ఉన్నారు. భారతీయుల బదులు కావాలన్న ఆ పిల్లలు వీళ్లే అయ్యారు.

అమెరికాలో బంధువుల ఇంటికి వెళ్లినప్పుడు పిల్లల సేవాగంటల లెక్క విన్నాను. కాలేజీ దరఖాస్తులో చూపించడానికి అన్ని గంటల సేవ ఉండాలట. మంచిదే. ఆకలిగొన్నవాడికి అన్నం ఎవరు ఏ కారణంతో పెట్టినా ఒకటే. కానీ ఈ మనిషి ఎందుకు ఆకలితో ఉన్నాడని పిల్ల అడిగితే ఆ ప్రశ్నకు గంటలు కట్టే గడి ఆ కాగితంలో ఉండదు.

మన నేల మీద పిల్లలు అడగలేదా అంటే, అడిగారు. 1907 మే 31న కాకినాడలో కోపల్లె కృష్ణారావు అనే విద్యార్థి జిల్లా వైద్యాధికారి కెంప్ దొరను చూసి వందేమాతరం అన్నాడు. దొర ఆ పిల్లవాణ్ణి చావగొట్టాడు. ఆ రాత్రి ఊరు దొరల క్లబ్బు మీదికి వెళ్లింది. దీన్ని మనం గర్వంగా చెప్పుకుంటాం, ఎందుకంటే అక్కడ ప్రశ్న పరాయివాడి మీద. మనల్ని మనం ప్రశ్నించుకోవాల్సి వస్తే? 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితులను చంపారు. మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైన తగాదా. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని చంపారు. ఆ ఊళ్లోనే ప్రత్యేక న్యాయస్థానం పెట్టి 2007లో శిక్షలు వేశారు, 2014లో హైకోర్టు వాటిని కొట్టివేసింది. ఆ చుట్టుపక్కల ఏ హైస్కూల్లోనైనా ఒక టీచరు తొమ్మిదో తరగతి పిల్లలకు 'మీ ఊళ్లో నిత్యజీవితం' అని ఆరు నెలల పని ఇస్తే ఏమవుతుందో ఊహించండి. ఇలాంటి సంచికల్లో ఇటువంటి ఊళ్ల పేర్లు రాయడం మర్యాద కాదని నాకు తెలుసు. అటు కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాల నుంచి ఇటు వచ్చినవాళ్లమే మనలో చాలామందిమి, నేనూ ఆ వైపువాణ్ణే.

మా అమ్మాయి జట్టు ఆ ఖాళీస్థలం సంగతి కనుక్కుంది. అక్కడ 1942 నుంచి చెక్క బ్యారక్‌లు ఉండేవి, వాటిలో ఉక్రెయిన్ నుంచి తెచ్చిన ఆడపిల్లలు ఉండేవారు. నగర దస్తావేజుల్లో వాళ్ల నమోదు కార్డులు దొరికాయి. కొందరి వయసు 16, 17. మా అమ్మాయి ఈడే. బహుమతి ఏదీ రాలేదు. పని అందజేసిన మరుసటి ఆదివారం అనుకుంటాను, ఖాళీ కాగితం ముందేసుకుని ఊళ్లో మా నాన్నగారికి వీడియో ఫోన్ చేసింది. ఆయనకప్పుడు 84 ఏళ్లు.

"తాతయ్యా, నీ చిన్నప్పుడు మన ఊరు ఎలా ఉండేదో బొమ్మ గీస్తున్నాను. ఎవరిల్లు ఎక్కడో చెప్పు" అంది. ఆయన ముఖం వెలిగిపోయింది. రామాలయం, రచ్చబండ, కరణంగారి డాబా, మా పాత పెంకుటిల్లు, గడ్డివాములు, అన్నీ చెప్పుకుంటూ పోయారు. ఆమె గీస్తూ పోయింది. కాగితంలో ఒక మూల ఖాళీగా మిగిలింది. "ఇక్కడ?" అంది.

"అటా? అటు చెరువు దాటాక గూడెం."

"వాళ్లు నీళ్లు ఎక్కడ తెచ్చుకునేవారు?"

"మన బావి దగ్గరికొచ్చేవారు. మా అమ్మ తోడి పోసేది."

"వాళ్లే తోడుకోవచ్చుగా?"

మా నాన్నగారు నావైపు చూశారు. నేను కల్పించుకోలేదు. "చేద ముట్టనిచ్చేవారు కాదమ్మా" అన్నారు కాసేపటికి.

"నీళ్లకి వచ్చేవాళ్ల పేర్లేమిటి, తాతయ్యా?"

ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. పొద్దుపోయింది, మందులు వేసుకోవాలి, తరువాత మాట్లాడదామని పెట్టేశారు. నేను మా అమ్మాయిని మందలించబోయి ఆగాను. మర్నాడు తెల్లవారుజామున, మాకింకా చీకటి ఉండగానే, ఫోన్ మోగింది. ఆయనే. నన్ను పలకరించకుండా, "అమ్మాయిని లేపరా. నాలుగు పేర్లు గుర్తొచ్చాయి, రాసుకోమను" అన్నారు.